ఇందల్వాయి నుంచి డిచ్‌పల్లి దాకా: డాక్టరు కాబోయేవారు ముందుగా ఏ విభాగం చూడాలి?



ఈ వేసవిలో మా వీధిలోని ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. ఇంటర్మీడియెట్ బైపీసీ పూర్తి చేసి, నీట్ పరీక్ష రాసి, ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు. అతని మేనమామ అమెరికాలో ఉంటాడు. "తాతా, ఖాళీగ కూసోకుండ పదిహేను రోజులు డాక్టర్ల వెంట తిరిగి చూడుమని మామ చెప్పిండు. ఏయే డిపార్టుమెంట్లు చూస్తె మంచిది?" అని అడిగాడు. చేతిలో ఒక కాగితం ఉంది. అందులో గుండె, మెదడు, ప్లాస్టిక్ సర్జరీ, రోబో సాయంతో చేసే శస్త్రచికిత్సలు అని నాలుగు పేర్లు రాసుకున్నాడు. నాలుగూ హైదరాబాదులోని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉండేవే.

ఆ కాగితాన్ని నేను తప్పుపట్టలేదు. అతని వయసులో నన్ను అడిగితే నేనూ అలాగే రాసి ఉండేవాణ్ణి. కానీ అతని ప్రశ్న నన్ను యాభై ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. ఆ జవాబును అతనికి చెప్పినట్టే మీకూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో డాక్టరు కావాలనుకునే పిల్లలు ఉంటే వారి చేత చదివించండి.

ముందుగా ఈ 'వెంట తిరిగి చూడడం' సంగతి. అమెరికాలో పిల్లలు ముందు డిగ్రీ పూర్తి చేసి, ఆ తర్వాతే వైద్య కళాశాలలో చేరతారు. ఆ డిగ్రీ కాలంలో వైద్యుల వెంట కొన్ని గంటలు గడిపి, ఈ వృత్తి తమకు తగునో లేదో తెలుసుకుంటారు. దీనిని అక్కడ షాడోయింగ్ అంటారు. నీడలా వెంట ఉండడమన్న మాట. మన దేశంలో పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే నేరుగా ఎం.బి.బి.ఎస్.లో చేరతాము. రోగి మంచం దగ్గరకు వెళ్ళకుండానే జీవితకాలపు నిర్ణయం తీసుకుంటాము. ఈ లోపాన్ని కొంతవరకైనా సరిచేయడానికే 2019లో మన ఎం.బి.బి.ఎస్. మొదట్లో ఒక నెల పునాది కోర్సు పెట్టారు. అందులో ఆసుపత్రిని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని చూపించడం కూడా ఒక భాగం.

నిజానికి చూసి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. హైదరాబాదులో 1846లో రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ ఆధ్వర్యంలో వైద్య పాఠశాల మొదలైనప్పుడు, విద్యార్థులకు ఉర్దూలో పాఠం చెప్పేవారు. గురువు వెంట ఉండి పని నేర్చుకోవడం ఆ కాలపు పద్ధతి. ఆ శతాబ్దం చివర అమెరికాలో విలియం ఆస్లర్ విద్యార్థులను తరగతి గదిలోనుంచి వార్డుల్లోకి నడిపించి, రోగి మంచం పక్కనే పాఠం చెప్పి కీర్తి పొందాడు. చూడాలా వద్దా అన్న ప్రశ్న అందువల్ల ఎప్పుడో తీరిపోయింది. ఏది చూడాలన్నదే మిగిలింది.

దీనికి నా జవాబు ఒక్కటే. ఏ విభాగం చూస్తే మనసుకు ఉత్సాహం కలుగుతుందో దానిని ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. ఏ విభాగం చూడకపోతే రేపు మీ చేతుల్లో ఒక మనిషి నష్టపోతాడో, దానిని ముందు చూడండి. అటువంటి విభాగాలు చాలావరకు మీ ఊరి చుట్టుపక్కలే ఉంటాయి. ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఊరి చరిత్ర, నా పొరపాటు రెండూ కలిసి నేర్పిన పాఠం ఇది.

మాది ఇందల్వాయి. నిజామాబాదు నుంచి హైదరాబాదు పోయే దారిలో డిచ్‌పల్లి దాటాక వస్తుంది. రోడ్డున్నా రైలున్నా, మేము నిజామాబాదు పోవాలంటే డిచ్‌పల్లి మీదుగానే పోవాలి. ఆ డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. దానిని స్థాపించినది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు. ఆమె 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొంది, 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది.

ఆమె కుష్ఠు నిపుణురాలిగా రాలేదని గమనించండి. సాధారణ వైద్యం చేయడానికే వచ్చింది. నిజామాబాదులో ఆమె కంటబడినది ఆమె దారిని మార్చింది. జ్వరానికి, పుండుకు, కాన్పుకు మందు దొరుకుతుంది కానీ, కుష్ఠురోగి మాత్రం ఏ గడప దగ్గరా నిలబడలేడు. ఊరివారు వెళ్ళగొడతారు, ఇంటివారు అన్నం దూరంగా పెడతారు. ఆమె నిజామాబాదులో చిన్నగా మొదలుపెట్టిన వసతి కొద్దికాలంలోనే చాలలేదు. నర్సాగౌడ్ అనే స్థానిక దాత ముందుకు వచ్చి ధనసహాయం చేశాడు. డిచ్‌పల్లి ఆసుపత్రి ఆ విధంగా నిలిచింది. మిషనరీ డాక్టరమ్మ, హిందూ దాత, నిజాం రాజ్యం: ఆ ముగ్గురి నడుమ పుట్టిన సంస్థ అది.

అప్పట్లో కుష్ఠుకు ఉన్నదల్లా చౌల్‌మూగ్రా జాతి గింజల నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది, సూదిగా వేస్తే భరించలేని నొప్పి. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటివారు దానిని సూదిమందుగా మెరుగుపరచారు. ఆ చికిత్సను డిచ్‌పల్లిలో కెర్ దంపతులు ఓపికగా సాగించారు. 1923లో ఇద్దరికీ కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932 జనవరిలో ఇసబెల్ కన్నుమూసింది.

డిచ్‌పల్లి కథ అంతటితో ముగియలేదు. అక్కడ పనిచేసిన జాన్ లో అనే వైద్యుడు తరువాత కలకత్తాకు, అక్కడినుంచి ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్ళాడు. అక్కడ ఉజువాకోలి అనే చోట ఫ్రాంక్ డేవీ అనే వైద్యుడు కుష్ఠు కేంద్రం నడుపుతున్నాడు. 1940ల చివర అక్కడే జాన్ లో ఒక గొప్ప విషయం నిరూపించాడు. డాప్సోన్ అనే చవక మాత్రను తక్కువ మోతాదులో నోటిద్వారా ఇచ్చినా కుష్ఠు లొంగుతుందన్నాడు. సూదుల నొప్పి నుంచి లక్షలమంది బయటపడ్డారు. అదే డేవీ 1968లో మన డిచ్‌పల్లికి వచ్చి, 1973 వరకు ఇక్కడ పనిచేశాడు.

ఇక్కడ నా కథ మొదలవుతుంది. ఆ సంవత్సరాల్లోనే నేను హైదరాబాదులో ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాను. ప్రతి సెలవుకూ ఇందల్వాయి వచ్చేవాణ్ణి. ప్రపంచమంతా ఎరిగిన ఒక కుష్ఠు వైద్యుడు మా ఊరి పక్కనే రోగులను చూస్తున్నాడు. నేను ఒక్కనాడూ ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. బస్సు డిచ్‌పల్లి దగ్గరకు రాగానే మా నాయన కిటికీ మూసేవాడు. "అది పెద్దరోగం దవాఖాన. అటు చూడకు" అనేవాడు. ఆయన చదువుకోనివాడు, ఆయన భయాన్ని నేను అర్థం చేసుకోగలను. చదువుకున్న నేను కూడా కిటికీ తెరవలేదు. నా చూపంతా శస్త్రచికిత్సల గది మీద ఉండేది. హైదరాబాదులో పెద్ద సర్జన్ల వెనుక, మునివేళ్ళ మీద నిలబడి, వారి భుజాల మీదుగా తొంగిచూడడమే గొప్ప అనుకున్నాను.

చదువు ముగిసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక, మొదట్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. చెరకు పండే ప్రాంతం. అక్కడ బెల్లం వండే దగ్గర పనిచేసే ఒక వ్యక్తి నా దగ్గరకు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మరిగే పాకం దగ్గర చేయి కాలింది. కడిగి, మందు రాసి, కట్టు కట్టాను. కొన్ని వారాలకు మళ్ళీ వచ్చాడు, అదే చేయి మళ్ళీ కాలింది. ముంజేతి మీద ఎర్రటి మచ్చ కూడా ఉంది. తామర అనుకుని పూతమందు ఇచ్చాను. మూడోసారి కాల్చుకుని వచ్చినప్పుడు, "పని మీద ధ్యాస పెట్టవా?" అని కోప్పడ్డాను. "కాలినట్టే తెల్వలేదు డాక్టర్ సాబ్" అన్నాడు. ఆ మాట విన్నాను. విని కూడా కట్టు కట్టి పంపించాను.

కుష్ఠు నియంత్రణ పథకం కింద ఊళ్ళు తిరిగే ఒక పారామెడికల్ ఉద్యోగి ఆ రోజుల్లో మా కేంద్రానికి వచ్చేవాడు. పదో తరగతి చదివి, కొన్ని నెలల శిక్షణ పొందినవాడు. ఆ రోగి నా గదిలోనుంచి బయటికి నడుస్తుండగా అతని చేతిని చూశాడు. ఆపి, బల్ల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, దూది కొసతో మచ్చను తాకి "ఎక్కడ తగిలింది?" అని అడిగాడు. రోగి చెప్పలేకపోయాడు. తరువాత మోచేతి వెనుక వేలు పెట్టి చూసి, నన్ను పిలిచి చూడమన్నాడు. అక్కడి నరం తాడులా లావెక్కి ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు అప్పటికే లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

ఆ రోగికి డాప్సోన్ మొదలుపెట్టాము. వ్యాధి అదుపులోకి వచ్చింది. ముడుచుకున్న వేళ్ళు మాత్రం తిరిగి చాచుకోలేదు. నేను మొదటి రోజే దూదితో తాకి ఉంటే ఆ చేయి చేయిగానే ఉండేదేమో. నేను పట్టా తెచ్చుకున్న డాక్టరును. అతని వేళ్ళు నా అలక్ష్యం వల్ల పోయాయి. ఒక్క సెలవులో, ఒక్క రోజు, మా ఊరి పక్క ఆసుపత్రిలో కూర్చుని చూసి ఉంటే, "కాలినట్టే తెలియలేదు" అన్న మాట వినగానే నాకు అర్థమై ఉండేది. అప్పటినుంచి ఉద్యోగ విరమణ దాకా, నొప్పిలేని గాయంతో వచ్చిన ఏ మనిషినీ నరం తడిమి చూడకుండా పంపలేదు.

ఇది ఒక్క కుష్ఠుకే చెందిన పాఠం కాదు. మన తెలుగు నేల వైద్య చరిత్రలో దీనికి సాక్ష్యాలు ఇంకా ఉన్నాయి.

ల్యాబ్ విభాగాన్ని తీసుకోండి. రోగి ముఖం కనిపించదు కనుక పిల్లలు దానిని చూడాలనుకోరు. కానీ మలేరియా ఎలా వ్యాపిస్తుందో తేలింది సికింద్రాబాదులో, ఒక సూక్ష్మదర్శిని కింద. రోనాల్డ్ రాస్ రచనల మీద మనసున్నవాడు. తండ్రి బలవంతం మీద వైద్యం చదివాడు. 1897 ఆగస్టులో, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలను, కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి చెల్లించి, సేకరించాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా లేకుండా ఉక్కలో కూర్చుని వాటిని కోసి చూశాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి మన జిల్లాలో కాలువలు పారాయి, 1930ల చివర బోధన్‌లో చక్కెర కర్మాగారం వచ్చింది. నిలిచిన నీరు ఉన్నచోట దోమ ఉంటుంది. చెరకు, వరి పండే నేల మీద డాక్టరు కాబోయేవాడు రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి, క్రిమి కోసం ఓపికగా వెదకే టెక్నీషియన్ పక్కన ఒక పూట కూర్చోవాలి. జ్వరం పేరు తెలిసేది అక్కడ.

మత్తుమందు విభాగాన్ని తీసుకోండి. శస్త్రచికిత్స గదిలో అందరి చూపూ సర్జను చేతుల మీదే ఉంటుంది. రోగి తల దగ్గర కూర్చున్న డాక్టరును ఎవరూ చూడరు. క్లోరోఫారం ఎలా ప్రాణం తీస్తుందన్న దానిపై 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు విచారణ సంఘాలు పనిచేశాయి. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండవదానికి ఆరవ నిజాం ధనసహాయంతో లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ఆ పాఠశాల విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే మత్తుమందు ఇవ్వడం నేర్చుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా ఆమెను చెబుతారు. ముందు శ్వాస ఆగుతుంది కనుక శ్వాసను కనిపెట్టి ఉండండి అన్నది ఆ సంఘాల తీర్పు. శ్వాసను గమనించమన్నది మంచి సలహాయే. కానీ క్లోరోఫారం నేరుగా గుండెను కూడా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఒక్కదానినే చూస్తూ కూర్చుంటే రెండవది తప్పిపోతుందని ఈ కథ చెబుతుంది. సర్జను చేతులనే చూసే విద్యార్థికి ఈ పాఠం అవసరం.

ఇక మూడవ ఉదాహరణ ఇంటిలోనిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో, రోజుల తేడాతో మరణించారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం క్షీణించే జబ్బు అది. తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరాడు. కొన్నేళ్ళ తరువాత ఆయన నాయకత్వంలోని బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు మందయింది. బోదకాలు క్రిమికి ఇచ్చే డైఇథైల్ కార్బమజీన్ కూడా ఆ ప్రయోగశాలనుంచే వచ్చింది. ఆయనకు విభాగం ఎవరూ ఎంచిపెట్టలేదు. ఇంట్లో చూసిన చావే ఎంచిపెట్టింది.

ఇన్ని చెప్పాక ఆ కుర్రవాడి కాగితం వెనుకవైపు తిప్పి, పదిహేను రోజులకు ఇలా రాసి ఇచ్చాను. మొదటి నాలుగు రోజులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీలో. ఎందుకంటే అక్కడ జబ్బుకు ఇంకా పేరు పెట్టి ఉండదు. తరువాత రెండు రోజులు ల్యాబ్‌లో. మూడు రోజులు చర్మవ్యాధులు, కుష్ఠు విభాగంలో, అక్కడి ఫిజియోథెరపీ గదిలో. రెండు రాత్రులు అత్యవసర విభాగంలో. పాము కాటు, పురుగుమందు, రోడ్డు ప్రమాదం మన పల్లెలకు కొత్త కావు. ఒక రోజు మత్తు డాక్టరు పక్కన. చివరి మూడు రోజులు అతను రాసుకున్న నాలుగింటిలో ఏది ఇష్టమైతే అది. ఆ కోరికను కొట్టివేయడం న్యాయం కాదు. ఈ దేశంలో గుండె డాక్టర్లూ కావాలి.

వెళ్ళేవారికి కొన్ని నియమాలు కూడా చెప్పాను, మీకూ చెబుతున్నాను. డాక్టరు అనుమతితో పాటు రోగి అనుమతి తప్పనిసరి. రోగి వద్దంటే మారు మాట లేకుండా బయటికి రావాలి. రోగిని ముట్టకూడదు, సూది పట్టకూడదు, సలహా ఇవ్వకూడదు. సెల్‌ఫోను జేబులోనుంచి తీయరాదు. చూసిన మనిషి పేరు, ఊరు ఇంట్లోవారికి కూడా చెప్పరాదు. సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ రోజు చూసినవాటిలో అర్థంకాని ఒక్క విషయాన్ని రాసుకోవాలి. ఆ ప్రశ్నల పుస్తకం ఐదేళ్ళ చదువుకూ పనికొస్తుంది.

ఆరోగ్యం గురించి రాసే చోట ఒక మాట చెప్పకుండా ముగించలేను. 2005 చివర మన దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించింది. అంటే పదివేలమందికి ఒక రోగి కన్నా తక్కువకు తగ్గిందని అర్థం. పూర్తిగా పోయిందని కాదు. స్పర్శ లేని మచ్చ, కాలినా తెలియని చేయి, జారిపోయినా తెలియని చెప్పు, తిమ్మిరెక్కి బలం తగ్గిన వేళ్ళు కనిపిస్తే సమీపంలోని ప్రభుత్వ కేంద్రానికి వెళ్ళండి. 1980ల నుంచి వాడుతున్న బహుళ ఔషధ చికిత్సను ఉచితంగా ఇస్తారు. వ్యాధి తీరును బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. ఇది పాపఫలం కాదు, వంశంలో వచ్చేది కాదు. చికిత్స మొదలైన మనిషిని ఇంటినుంచి వేరు చేయవలసిన పనే లేదు. కిటికీలు మూయవలసిన కాలం పోయింది.

ఆ కుర్రవాడు పదిహేను రోజులూ తిరిగి వచ్చాడు. గుండె విభాగం గురించి ఉత్సాహంగా చెప్పాడు, నేనూ సంతోషంగా విన్నాను. లేచి వెళ్ళబోతూ ఆగి ఒకటి అడిగాడు. "తాతా, ఫిజియోథెరపీ గదిలో ఒక పెద్దాయన కాళ్ళు నీళ్ళల్ల నానబెట్టి, నూనె రాస్కుంటున్నడు. జబ్బు ఎప్పుడో ముప్పై ఏండ్ల కింద తగ్గిందట. మరి తగ్గినంక ఇంకా ఎందుకు వస్తున్నడు?"

క్రిమి చచ్చినా నరం తిరిగి బతకదని, స్పర్శ లేని పాదం రోజూ ఎవరో ఒకరు చూసుకోకపోతే పుండు పడుతుందని వివరించాను. అతను ఆ మాటలు పుస్తకంలో రాసుకున్నాడు. రేపు అతను ఏ విభాగానికి వెళ్ళినా నాకు చింత లేదు. నేను ముప్పై ఏళ్ళ వయసు మనిషిని మూడుసార్లు చూసి కూడా అడగని ప్రశ్నను, అతను పద్దెనిమిదేళ్ళకే అడిగాడు.

అందరికీ ఆరోగ్యమస్తు.